మలేయో పిట్ట వెనక్కి ఎందుకు చూడదు

ఒకప్పుడు మలేయో పిట్ట కూడా మిగతా పిట్టల్లాగే చెట్టు మీద గూడు కట్టుకునేది. గూట్లో గుడ్డు పెట్టి, దాని మీద కూర్చునేది.

కూర్చోవడమంటే పిచ్చుకలా కొన్నాళ్ళు కూర్చుని లేవడం కాదు. మలేయో చూడ్డానికి కోడి అంతే ఉంటుంది. నల్లటి వీపు, లేత గులాబీ రంగు పొట్ట, నెత్తిన బొడిపెలాంటి టోపీ. గుడ్డు మాత్రం కోడిగుడ్డుకి అయిదింతలు! అంత గుడ్డు వెచ్చబడి, లోపల పిల్ల తయారై, పెంకు పగలాలి కదా. ఈలోగా చందమామ నిండి తరిగి, మళ్ళీ నిండి తరిగి, "ఇంకా కాలేదా?" అని తొంగిచూసి పోయేవాడు.

అన్నాళ్ళూ తల్లి మలేయో కదలకూడదు. కదిలితే గుడ్డు చల్లబడుతుంది. వానొస్తే తడవాలి. ఎండొస్తే మాడాలి. కాళ్ళు తిమ్మిరెక్కి, అవి తన కాళ్ళో చెట్టు కొమ్మలో కూడా తెలిసేది కాదు.

మగ మలేయో పొద్దుగూకే వేళకి రెండు పళ్ళు ముక్కున కరుచుకుని వచ్చేది. "అబ్బ, ఎంత దూరం తిరిగానో! అలిసిపోయాననుకో" అనేది.

"నాకూ అలుపుగా ఉంది" అనేది ఆడ మలేయో.

"కూర్చున్నదానికి అలుపేమిటి?" అని మగ పిట్ట నవ్వేది. నవ్వి, రెక్కలో ముక్కు దూర్చుకుని హాయిగా నిద్రపోయేది.

ఈ మాట గుర్తుపెట్టుకోండి పిల్లలూ. ఆ చెట్టు కింద ఇంకొకరు కూడా రోజూ ఇదే మాట పడుతూ ఉండేవారు.

ఆ చెట్టు సులవేసి అనే దీవిలో, రంబూన్ అనే ఊళ్ళో ఉండేది. రంబూన్ పేరు పక్క దీవి వాళ్ళకి తెలీదు. పక్క ఊరివాళ్ళు కూడా ఒక్కోసారి మర్చిపోయేవాళ్ళు. వెనక నిప్పుకొండ, ముందు సముద్రం, మధ్యలో ఇరుక్కున్న కాసిని ఇళ్ళు. అంతే ఊరు.

కొండ కడుపులోని వేడి నేల కిందనుంచి పాకుతూ వచ్చి ఒడ్డున ఇసుకలో చేరేది. అందుకే అక్కడి నల్ల ఇసుక ఎప్పుడూ వెచ్చగా ఉండేది. ఒకచోట మరీ వేడి. ఎంత వేడంటే, రంబూన్‌లో ఎవరూ పొయ్యి రాజేసేవాళ్ళు కాదు. చేమదుంపల్ని అరటాకులో చుట్టి, ఆ ఇసుకలో పాతిపెట్టి, గుర్తుకి ఒక పుల్ల గుచ్చి పనికి పోయేవాళ్ళు. మధ్యాహ్నం వచ్చి తవ్వుకుంటే మెత్తగా ఉడికి ఉండేవి.

ఆ ఊళ్ళో ఇంకో పద్ధతి ఉండేది. బదులు పని. ఇవాళ ఊరంతా మీ పొలంలో దిగి పని చేస్తుంది. రేపు మీరు ఊరందరితో కలిసి పక్కవాళ్ళ పొలంలో దిగుతారు. ఎవరు ఎవరికి చేస్తే వాళ్ళు తిరిగి చెయ్యాలి. బదులు తీర్చనివాడికి ఆ ఊళ్ళో మంచినీళ్ళు కూడా పుట్టవు. ఎవరి వంతు ఎప్పుడో లాసుత్ అనే పెద్దాయన నోటికి ఉండేది. తెల్లవారగానే ఆయన డప్పు కొట్టి, పేర్లు పిలిచేవాడు. పిలిచిన పేర్లవాళ్ళు పలుగూ పారా పట్టుకుని వరసగా నడిచేవాళ్ళు.

ఆ పేర్లలో ఎప్పుడూ వినబడని పేరు ఒకటి ఉంది. వులాన్.

వులాన్ నడివయసు దాటిన మనిషి. ముందూ వెనకా ఎవరూ లేరు. మలేయో గూడున్న చెట్టు కిందే ఆమె గుడిసె. డప్పు మోగగానే ఊళ్ళో తల్లులందరూ పసిపిల్లల్ని తెచ్చి ఆ గుడిసెలో దింపేవాళ్ళు.

"అత్తా, కాస్త చూస్తూండు" అనేది ఒకత్తె.

"వీణ్ణి కూడా, అత్తా. ఇదిగో మా దుంపలు. కాస్త ఇసుకలో పెట్టెయ్" అనేది ఇంకొకత్తె.

అంతే, పొద్దుగూకేదాకా మళ్ళీ కనబడేవాళ్ళు కాదు. మధ్యాహ్నం వచ్చినా దుంపల పొట్లం తీసుకుని పొలానికే పోయేవాళ్ళు.

ఒకడు ఏడిస్తే వాణ్ణి ఎత్తుకోవాలి. వాడు ఊరుకునేసరికి ఇంకొకడు మొదలుపెడతాడు. వాళ్ళిద్దర్నీ చూసి మూడోది గొంతు కలుపుతుంది. ఒకడు ఇసుక తింటాడు. ఒకత్తె పీత పట్టుకోబోతుంది. ఉయ్యాల ఊపి ఊపి వులాన్ కుడిచెయ్యి, ఉయ్యాల లేనప్పుడు కూడా ఊగుతూనే ఉండేది.

వులాన్‌కి ఇంటి వెనక చిన్న పొలం చెక్క ఉంది. దాన్ని ఎవరూ తవ్వరు. నడుమెత్తు గడ్డి పెరిగిపోయింది. ఆ ఏడు ఒకరోజు ఆమె లాసుత్ దగ్గరికి వెళ్ళింది.

"లాసుత్ అన్నా, మబ్బులు పడుతున్నాయి. తొలివానకి ముందు తవ్వకపోతే నాకు ఈ ఏడు కూడా గింజ ఉండదు. ఒక్క పూట బదులు వేయించు."

లాసుత్ చెడ్డవాడు కాదు. తల గోక్కున్నాడు. "బదులు అంటే పనికి బదులు కదా వులాన్? మేం వంగి పనిచేస్తాం. నువ్వు నీడపట్టున కూర్చుంటావు. కూర్చున్నదానికి బదులేమిటి?"

వులాన్‌కి చెప్పాలని చాలా ఉంది. కానీ చంకలో పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. "సరే అన్నా" అని వచ్చేసింది. సరే అనడం తప్ప వేరే మాట ఆమెకి రాదు. ఆ మాటే ఆమె కొంప ముంచుతూ వచ్చింది.

మర్నాడు పొద్దున్న చెట్టు మీంచి మలేయో కిందికి దిగింది. దిగింది అనకూడదు, పడింది. కాళ్ళు పట్టు తప్పి గుడిసె గుమ్మంలో కూలబడింది.

"అక్కా," అంది రొప్పుతూ, "చందమామ ఒకసారి నిండి తరిగేదాకా కూర్చున్నాను. ఇంకా అంతకాలం కూర్చోవాలి. గొంతు తడిసి ఎన్నాళ్ళయిందో తెలీదు. ఒక్క పూట, ఒక్క పూట నా గుడ్డుని వెచ్చగా ఉంచుతావా? వాగు దాకా పోయి, కాసిన్ని నీళ్ళు తాగి, ఒళ్ళు తడుపుకుని వస్తాను."

వులాన్ చుట్టూ చూసింది. ఒకడు ఏడుస్తున్నాడు. ఒకడు ఏడవబోతున్నాడు. అరటాకు పొట్లాలు ఇంకా పాతిపెట్టలేదు. వద్దని చెప్పడానికి నోరు తెరిచింది.

"బదులు తీరుస్తాను అక్కా" అంది పిట్ట.

వులాన్ నోరు అలాగే ఉండిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. కళ్ళు చెమ్మగిల్లాయి.

"పో తల్లీ. నెమ్మదిగా రా. నీ గుడ్డుకి నేనున్నాను" అంది.

ఆమె చెట్టెక్కి గుడ్డు దించి, చలిగాలి తగలకుండా అరటాకులో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. కాసేపు బాగానే ఉంది. ఒక బుడతడు పాకుతూ వచ్చి ఒళ్ళో ఎక్కబోయాడు. గుడ్డుని పక్కకి జరిపింది. ఒకత్తె దాని మీద కూర్చోబోయింది. గుడ్డుని ఇటు జరిపింది. ఉయ్యాలలో ఇద్దరు లేచారు. పొద్దెక్కిపోతోంది, పొట్లాలు పాతకపోతే మధ్యాహ్నం అందరూ పచ్చిదుంపలు తినాలి.

వులాన్ ఒక పిల్లని చంకనేసుకుని, పొట్లాలన్నీ కొంగులో పోసుకుని ఒడ్డుకి నడిచింది. చేతులకి అలవాటైన పని. గుంత తవ్వడం, పొట్లం పెట్టడం, ఇసుక కప్పడం, పుల్ల గుచ్చడం. రాత్రంతా ఆ చంకలోని పిల్లకి జ్వరమని దాని తల్లి పింకన్ వులాన్‌నే కూర్చోబెట్టుకుంది, అందుకని కళ్ళు మూతలు పడుతున్నాయి. చేతులు మాత్రం వాటంతట అవే పని చేసుకుపోతున్నాయి. తవ్వాయి, పెట్టాయి, కప్పాయి. కొంగు ఖాళీ అయింది.

ఆమె గుడిసెకి వచ్చి గుంజకి వీపు ఆనించింది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అంటారు. పిల్లలందరూ ఒక్కసారిగా ఊరుకున్నారు, అలాంటి అదృష్టం ఏడాదికోసారి కూడా రాదు. వులాన్ కూర్చున్నచోటే నిద్రపోయింది.

"అత్తా, పొట్లాలు తీసుకున్నాం. లే, నువ్వూ తిను" అని పింకన్ కుదిపేదాకా మెలకువ రాలేదు.

వులాన్ ఒళ్ళోకి చూసుకుంది. ఒళ్ళో పింకన్ కూతురుంది. అరటాకు లేదు. గుడ్డు లేదు.

అరటాకు పొట్లం! మిగతా పొట్లాలతో పాటు దాన్ని కూడా పాతిపెట్టేసింది. చేమదుంప ఉడికే ఇసుకలో!

"పొట్లాలు విప్పకండి! ఎవరూ విప్పకండి!" అని ఒడ్డుకి పరిగెత్తింది.

అప్పటికే అందరూ తింటున్నారు. అన్నిట్లోనూ దుంపలే. గుడ్డు ఎవరికీ రాలేదు. గుచ్చిన పుల్లలన్నీ పీకేశారు. అంటే ఒక్క పొట్లానికి ఆమె పుల్ల గుచ్చడం మర్చిపోయింది, ఆ ఒక్కటే ఇంకా ఇసుకలో ఉంది. ఎక్కడ?

వులాన్ మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తవ్వింది. వేళ్ళు కాలాయి. ఒక గుంత తవ్వితే ఆ ఇసుక పక్క గుంతలో పడేది. కెరటం వచ్చి రెండిటినీ పూడ్చేది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది ఆమె పని. ఊరందరి పిల్లల్ని సాకిన మనిషి, నమ్మి అప్పగించిన ఒక్క గుడ్డుని పోగొట్టుకుంది.

లాసుత్ దుంప నముల్తూ వచ్చి చూశాడు. "గుడ్డే కదా వులాన్. పోతే పోయింది. మళ్ళీ పెడుతుంది."

వులాన్ తలెత్తింది. ఊళ్ళో ఎవరూ ఆమె కళ్ళలో అంత కోపం చూడలేదు.

"అన్నా, నీ పొలంలో పైరంతా ఒకపూటలో పోతే, 'పోతే పోయింది, మళ్ళీ వేస్తావులే' అంటే ఊరుకుంటావా?"

లాసుత్ నమలడం ఆపేశాడు.

సాయంత్రం మలేయో తిరిగొచ్చింది. కడుపునిండా నీళ్ళు తాగింది, వాగులో మునిగింది, ఈకలు నిగనిగలాడుతున్నాయి. ఎన్నాళ్ళకో ముఖంలో కళ వచ్చింది. ఆ కళ చూసి వులాన్‌కి చచ్చిపోవాలనిపించింది.

దాచలేదు. తిప్పి చెప్పలేదు. "నిద్రమత్తులో దుంపలతో పాటు పాతిపెట్టేశాను తల్లీ. ఎక్కడ పెట్టానో తెలీదు. ఉడికిపోయిందో, ఉందో తెలీదు. తప్పు నాదే."

మలేయో అరవలేదు. తిట్టలేదు. ఒడ్డుకి నడిచి, కాళ్ళతో తవ్వడం మొదలుపెట్టింది.

ఇంతలో మగ మలేయో వచ్చింది. సంగతి వినగానే రెక్కలు కొట్టుకుంది. "కూర్చోవడం ఒక్కటే నీ పని. అదీ చెయ్యలేకపోయావా?"

ఆడ పిట్ట తలెత్తలేదు. గుంత తవ్వింది. పక్కన ఇంకోటి తవ్వింది. తిమ్మిరెక్కిన కాళ్ళు వణుకుతున్నాయి, అయినా తవ్వింది. కాలిగోళ్ళనుంచి రక్తం కారింది. మగ పిట్ట కాసేపు చూసింది, మరికాస్సేపు చూసింది. ఆ వణుకుతున్న కాళ్ళని అది అంతకుముందెప్పుడూ సరిగ్గా చూడలేదు. సిగ్గేసింది. వచ్చి పక్కన నిలబడి తనూ తవ్వడం మొదలుపెట్టింది.

మర్నాడు డప్పు మోగింది. తల్లులు పిల్లల్ని తెచ్చారు. గుడిసెలో వులాన్ లేదు. ఒడ్డున రెండు పిట్టలతో కలిసి ఇసుక తవ్వుతోంది.

"అత్తా, పిల్లలు!" అన్నారు.

"ఇవాళ మీరే చూసుకోండి" అంది వులాన్, తల తిప్పకుండా.

తల్లులు పొలానికి పోకపోతే పని సాగదు, పోతే పిల్లలకి దిక్కు లేదు. చివరికి అందరూ పిల్లల్ని తెచ్చి లాసుత్‌కి అప్పగించారు. "నీడపట్టున కూర్చునే పనే కదా, పెద్దాయనవి, నువ్వు కూర్చో" అన్నారు. సాయంత్రం తిరిగొచ్చేసరికి లాసుత్ భుజం మీద ఒకడు, కాలికి ఒకడు, డప్పులో ఒకడు. ఆయన జుట్టులో ఇసుక. ఆయన నోట మాట రాలేదు, నీళ్ళు కావాలని చేత్తో సైగ చేశాడు.

ఆ రోజంతా తవ్వి తవ్వి మలేయోకి ఇంక కాలు లేవలేదు. ఒడ్డు పొడుగునా గుంతలే. అది తను తవ్విన ఆఖరి గుంతలో కూలబడి, "ఇసుకా, నా గుడ్డు ఉంటే ఉందని చెప్పు. లేకపోతే లేదని చెప్పు. తెలీకుండా ఉండే ఓపిక నాకు లేదు" అంది.

"అబ్బ, ఆపావేం?" అంది ఇసుక.

ముసలి గొంతు. కిందెక్కడినుంచో వచ్చింది.

"ఎన్నేళ్ళుగానో అందరూ నా మీద నడిచేవాళ్ళే, దుంపలు ఉడకేసుకునేవాళ్ళే. నా వీపు గోకినవాళ్ళు లేరు. రెండు రోజులుగా ప్రాణానికి హాయిగా ఉంది. కాస్త ఎడమవైపు గోకు."

"నా గుడ్డు!" అంది మలేయో.

"ఉందమ్మా, నా దగ్గరే ఉంది."

వులాన్ ఇసుక మీద బోర్లా పడుకుని చెవి ఆనించింది. "ఉడికిపోయిందా?" అని అడిగింది భయపడుతూ.

"నువ్వు నీ పొట్లం ఎక్కడ పెట్టుకుంటావు వులాన్?"

వులాన్‌కి అప్పుడు వెలిగింది. వేడిగా ఉండే చోటంతా ఊరివాళ్ళ పొట్లాలకే సరిపోయేది. తన పొట్లం ఎప్పుడూ ఆఖర్న, చివర్న, వెచ్చదనం తప్ప వేడి లేని చోట పెట్టుకునేది. అందుకే ఆమె దుంపలు రోజూ సగం ఉడికీ ఉడక్కుండా ఉండేవి. అలాగే తినేది. ఎవరితోనూ అనేది కాదు. నిన్న కూడా చేతులు అలవాటు ప్రకారం ఆఖరి పొట్లాన్ని అక్కడే ఎక్కడో, కాస్త లోతుగా పెట్టాయి.

"అక్కడ దుంప ఉడకదు," అంది ఇసుక. "పిల్ల పెరుగుతుంది."

"అయితే ఇచ్చెయ్. మళ్ళీ కూర్చుంటాను" అని మలేయో లేవబోయింది. లేవలేక పడింది.

"ఇప్పుడిస్తే చస్తుంది. పని సగంలో ఉంది. మాటిమాటికీ మూత తీసి చూస్తే అన్నం ఉడుకుతుందా? నా మీద వదిలెయ్. బదులు పని అనుకో."

"నీ దగ్గర బతికే ఉందని నమ్మేదెలా?"

"నమ్మడానికి ఎలా అంటూ ఉండదమ్మా" అంది ఇసుక.

మలేయో వులాన్ వైపు చూసింది. ఇద్దరూ చెయ్యగలిగింది ఏమీ లేదు. బతుకంతా ఏదో ఒకటి చేస్తూ వచ్చినవాళ్ళకి అదే అన్నిటికన్నా కష్టం.

మలేయో కొమ్మ మీదికి వెళ్ళింది. ఖాళీ గూట్లో కూర్చోబోయి, ఎందుకని ఆగి, కొమ్మ మీదే తల వాల్చింది. రెక్కలో ముక్కు దూర్చుకుంది. అలా పడుకోవడం దానికి కొత్త. నిద్రపోయింది. మగ పిట్ట పక్కనే కూర్చుని, ఈగ వాలకుండా చూసింది.

రోజులు గడిచాయి. మబ్బులు వచ్చేవి, కురవకుండా పోయేవి. వాటికీ ఓపిక లేనట్టుంది. మలేయో రోజూ వచ్చి ఇసుక మీద నిలబడేది. "జరుగు, నీ బరువు పిల్ల మీద పడుతోంది" అని ఇసుక కసిరేది. పోయేది. పోతూ పోతూ వెనక్కి తిరిగి చూసేది, మళ్ళీ వచ్చేసేది. "వెళ్ళు తల్లీ, నేనిక్కడే ఉంటాగా" అనేది వులాన్. ఆమె పిల్లల్ని ఒడ్డుకే తెచ్చుకుని, చంకలో ఒకళ్ళని మోస్తూ, ఆ చోటు మీద ఎవరూ తొక్కకుండా కాపలా కాసేది. గుడ్డు ఉందా లేదా అన్న భయం ఆమెని వదల్లేదు. తన దుంపలు ఇప్పుడు మెత్తగానే ఉడుకుతున్నాయి, పింకన్ వేడిచోటులో పెడుతోంది. అయినా ముద్ద దిగేది కాదు.

చందమామ మళ్ళీ నిండి తరిగిన తర్వాత ఒక పొద్దున్న ఇసుక కదిలింది.

ఒక రవ్వంత కదిలింది. వులాన్ పీత అనుకుంది. మళ్ళీ కదిలింది. చిన్న గుంట పడింది. గుంటలోంచి ఒక ముక్కు వచ్చింది. తర్వాత రెండు కళ్ళు. తర్వాత ఒళ్ళంతా ఇసుకతో ఒక పిల్ల, పూర్తిగా ఈకలు మొలిచిన పిల్ల, పైకి పాకి వచ్చి ఇసుక మీద బోర్లా పడి రొప్పింది. అంత లోతునుంచి ఒక్కతే తవ్వుకుంటూ వచ్చింది మరి!

"మలేయో! తల్లీ! రా!" అని వులాన్ కేకపెట్టింది. ఏడుస్తోంది, నవ్వుతోంది.

తల్లి మలేయో ఒక్క ఊపున ఎగిరొచ్చి వాలింది. పిల్ల అప్పటికే లేచి, ఈకలు దులుపుకుంటోంది.

"చిట్టీ, నేను అమ్మని" అంది మలేయో.

పిల్ల తల పక్కకి వంచి చూసింది. "అమ్మ అంటే?"

"నిన్ను వెచ్చగా ఉంచేది."

"అదా? ఇదిగో, ఇది" అని పిల్ల కాలితో ఇసుకని చూపించింది. రెక్కలు ఒకసారి విప్పింది, మళ్ళీ విప్పింది. పుట్టిన పూటే, ఎవరూ నేర్పకుండానే, గాల్లోకి లేచి అడవి వైపు ఎగిరిపోయింది.

మలేయో ముక్కు తెరిచింది. పిలవలేదు. దానికి వెక్కి వెక్కి ఏడవాలనిపించింది, ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

వులాన్ దాని పక్కన కూలబడింది. "నన్ను తిట్టు తల్లీ. నీ పిల్లకి నువ్వెవరో తెలీకుండా చేశాను."

మలేయో ఆమె పక్కకి జరిగి కూర్చుంది.

"చెట్టు మీద పుట్టిన పిల్లలు ఎగరడానికి ఎన్ని నెలలు పట్టేదో నీకు తెలీదు అక్కా," అంది. "ఎన్ని జారిపడ్డాయో, ఎన్నిటిని పాములు తిన్నాయో. ఇది చూశావా? పుట్టిన పూటే ఎగిరింది. పాముకి చిక్కదు. దానికి నేను తెలీకపోతేనేం? నాకు అది తెలుసు."

"మరి నా బదులు?" అని అడిగింది ఇసుక.

"అడుగు" అంది మలేయో.

"ఎప్పుడు గుడ్డు పెట్టాలన్నా నా దగ్గరికి రా. నీ గుడ్డుని నేను పెంచుతాను. నా వీపు నువ్వు గోకాలి, బాగా, ఆ చివరనుంచి ఈ చివరకి. ఇంకోటి. అప్పగించాక వెళ్ళిపోవాలి. నువ్వు వెనక్కి తిరిగి చూశావంటే ఆగుతావు, ఆగితే వస్తావు, వస్తే నిలబడతావు. నీ గురించి నాకు తెలుసు."

తన పిల్లలు ఎప్పటికీ తనను ఎరగవు. తను మాత్రం ఇక రోజూ హాయిగా నిద్రపోవచ్చు. మలేయో ఆ రెండిటినీ మనసులో అటూ ఇటూ తూచింది. రెండూ బరువుగానే ఉన్నాయి. కానీ పిల్లలు బతుకుతాయి.

"సరే" అంది.

తర్వాత మగ పిట్టని పిలిచింది. రెండూ కలిసి వులాన్ గుడిసె వెనక్కి వెళ్ళాయి. నడుమెత్తు గడ్డిని వేళ్ళతో సహా పెళ్ళగించాయి. అంత పెద్ద కాళ్ళతో, ఇసుక తవ్వి తవ్వి రాటుతేలిన గోళ్ళతో, పొలం చెక్క ఆ మూలనుంచి ఈ మూలదాకా గుల్లగా తవ్విపోశాయి.

"ఇదేమిటి తల్లీ?" అంది వులాన్, వచ్చి చూసి.

"బదులు" అంది మలేయో. "తీరుస్తానన్నానుగా."

వులాన్ ఆ తవ్విన మట్టి మధ్యకి నడిచి అక్కడే కూర్చుంది. చంకలో ఎవరూ లేరు, ఒళ్ళో ఎవరూ లేరు. ఊరికే కూర్చుంది. ఊరికే కూర్చోవడమంటే ఎలా ఉంటుందో ఆమెకి ఆ రోజే తెలిసింది.

సాయంత్రానికి తొలివాన పడింది. మర్నాడు లాసుత్ డప్పు కొట్టి పేర్లు పిలిచాడు. ఆఖరి పేరు పిలిచే ముందు కాస్త ఆగాడు.

"ఇవాళ విత్తనాలు వేసేది వులాన్ పొలంలో. పిల్లల దగ్గర కూర్చునే వంతు నాది" అన్నాడు.

అప్పటినుంచే మలేయో పిట్ట చెట్టు మీద గూడు కట్టదు, గుడ్డు మీద కూర్చోదు. ఆలూమగలిద్దరూ కలిసి ఒడ్డుకి వస్తాయి. ఒక గుంతలో గుడ్డు పెట్టి, చుట్టూ ఉత్తుత్తి గుంతలు ఎన్నో తవ్వుతాయి. దొంగల్ని మాయ చెయ్యడానికి అంటారు కొందరు. కాదు, ఇసుక వీపు గోకుతున్నాయి. తర్వాత గుడ్డుని కప్పేసి, పక్కపక్కనే నడుచుకుంటూ అడవిలోకి వెళ్ళిపోతాయి. మగది ఒక్కోసారి తల తిప్పబోతుంది. ఆడది వెనక్కి చూడదు.

అప్పటినుంచే మలేయో పిల్ల ఇసుకని తనే తవ్వుకుని, ఒంటరిగా పైకి వస్తుంది. రాగానే ఎగరదు. కాసేపు ఇసుక మీద బోర్లా పడి ఉంటుంది. చూసినవాళ్ళు, పాపం, అమ్మ కోసం చూస్తోంది అనుకుంటారు. దానికి అమ్మ ఎవరో తెలీదు. అది తన అలుపు తీర్చుకుంటోంది. అడవిలో ఎక్కడో ఒక కొమ్మ మీద వాళ్ళమ్మ కూడా, రెక్కలో ముక్కు దూర్చుకుని, అదే పని చేస్తూ ఉంటుంది.